పలచటి కోత

పోర్తో
9 జనవరి 1967

ప్రియమైన ఎతెల్వీనా అక్కకి,

ముందు మంచి కబురు. మొన్న డాక్టర్ సరైవా గారు జెఫెరీనో బావ పరీక్ష కాగితం మీద సంతకం పెట్టారు, దాని నకలు ఇందులో పెట్టాను. నరంలో అమిలాయిడ్ అనే పదార్థం లేదు. అంటే మన పోవువాలో అందరూ గొంతు తగ్గించి చెప్పుకునే ఆ చిట్టిపాదాల జబ్బు మీ ఇంటికి రాలేదు. మేరీమాతకి మొక్కుకున్న కొవ్వొత్తి ఇక వెలిగించుకో.

బావ చీలమండ దగ్గర తీసిన నరం ముక్క నా చేతికే వచ్చింది. పేర్లు దాచి మాకు నంబర్లే ఇస్తారు. ఆయనది పదిహేడు. కానీ ఒప్పుదల కాగితం సీసాకి చుట్టి పంపారు. దాని మీద బావ సంతకానికి బదులు, వలల మీద గీసినట్టే మీ ఇంటి గుర్తు గీశాడు. పక్కన అదనపు గీత ఒక్కటీ లేదు. అన్నలైతే ఒక్కో గీత చేరుస్తారు, గీత లేని గుర్తు చిన్నకొడుకుదే కదా, వెంటనే పోల్చుకున్నాను.

ఇక్కడ నేను చేసే పని నీకు ఎప్పుడూ అర్థం కాదంటావు. ముక్కని మైనంలో పెట్టి, పలచగా కోసి, కాంగో రెడ్ అనే ఎర్రరంగు పట్టిస్తాం. వెలుతురుని జల్లెడ పట్టే రెండు అద్దాల మధ్య పెట్టి చూస్తే, జబ్బున్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. బావ ముక్కలో ఏమీ మెరవలేదు. ఇక నా కోత సంగతి. మిల్లీమీటరుని వెయ్యి భాగాలు చేస్తే అందులో నాలుగు, నాలుగు మైక్రాన్లు! ఈ ఆసుపత్రిలో అంత పలచగా కోసేది నేనొక్కదాన్నే. లిస్బన్ నుంచి వచ్చిన పెద్దమనుషులకి డాక్టరు గారు నా స్లైడు చూపించి, "ఇది మా దియోలిందా చెయ్యి" అన్నారు. చేపలబుట్ట ఎత్తడానికి కూడా పనికిరాదని మా అమ్మా, మీ అమ్మా కలిసి నవ్విన చెయ్యి ఇదే మరి.

నీ చెల్లెలు
దియోలిందా

పోవువా
20 జనవరి

దియోలిందా,

నీ ఉత్తరం మా ఇల్దా చేత మూడుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారి నేనే కూడబలుక్కున్నాను. నా రాత కోడి గీకినట్టుంటుంది, భరించు.

మీ బావ, "చూశావా, చలికి కాళ్ళు మొద్దుబారాయంటే వినవు" అన్నాడు. అన్నాడే గానీ, మొన్న కూడా ఇసకలో ఒక కాలి చెక్కచెప్పు జారిపోతే తెలియలేదు. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. ఇల్దా వెనక్కి పోయి ఏరుకొచ్చింది. చలే అయ్యుంటుందిలే.

ఇంకో కబురు. ఇల్దాని జుస్తీనా కొడుకు అబీలియోకి ఖాయం చేసుకున్నాం. ఆగస్టులో పెళ్ళి. జుస్తీనా సంగతి నీకు తెలుసుగా, పాలల్లో వెంట్రుక వెతికే రకం. "మీ ఆయన కాళ్ళ గురించి ఏవేవో అంటున్నారు" అని నసిగింది. నీ కాగితం ఆమె ముక్కు కింద పెట్టాను. "పెద్దాసుపత్రే రాసిచ్చాక నాకేం" అంది. అప్పట్నుంచి ఆమెని నోరారా వదినా అని పిలుస్తున్నాను.

డాక్టరు అడిగినప్పుడు కూడా మేం చెప్పాం, మావాళ్ళలో ఎవరికీ ఇట్లాంటిది లేదని. మా అత్తగారు రేవుమెట్ల మీద జారిపడి మంచం పట్టింది, అంతే.

ఎండబెట్టిన టేకుచేప పంపుతున్నాను. ఉడికించి ఆలివ్ నూనె పోసుకుని తిను. ఎముకలు కనపడుతున్నాయి నీకు.

ఎతెల్వీనా

పోవువా
14 మే

దియోలిందా,

మీ బావని తీసుకుపోయారు.

కుంపటి దగ్గర కూర్చుని కాలు నిప్పుకి ఆనించాడు. చర్మం కాలిన వాసన నాకొచ్చింది, ఆయనకి నొప్పి తెలియలేదు. పుండు మానలేదు. ఊరి ఆరోగ్యాధికారి వచ్చి సూదితో పొడిచాడు. మీ బావ కిటికీలోంచి పడవల్ని చూస్తూ కూర్చున్నాడు, పొడుస్తున్నాడని కూడా తెలియకుండా. నీ కాగితం తెచ్చి చూపించాను. మేలు చేస్తుందనుకున్నాను. ఆ అధికారి చదివి, "చిట్టిపాదాల జబ్బు కాదని పెద్దాసుపత్రి తేల్చేసింది. అది కాకపోతే ఇక ఇది కుష్ఠే" అన్నాడు. మూడోరోజు దక్షిణాన ఉన్న కుష్ఠు ఆసుపత్రికి పంపేశారు. గేటు దాటి బయటికి రానివ్వరట.

ఆయన సొంత అన్నలు, ఆయన గుర్తున్న వలల్ని కర్రతో ఎత్తి విడిగా ఇసకలో పడేశారు. నా బుట్ట దగ్గరికి ఒక్కరూ రావట్లేదు. నిన్న చేపలన్నీ తిరిగి తెచ్చి సముద్రంలో పోశాను. మా తొమేని బడిలో వెనక బెంచీ మీద ఒక్కడినే కూర్చోబెట్టారు. తల ఎత్తుకుని వీధిలో నడవలేకపోతున్నాను. జుస్తీనా వదిన మాత్రం, "చూద్దాం, ఆగస్టు దాకా ఉందిగా" అంటోంది.

నీ దగ్గర ఇంకేదైనా రంగు ఉందా? ఇంకొక్కసారి చూడకూడదా?

ఎతెల్వీనా

పోర్తో
11 జూన్

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. చాలా విచారంగా ఉంది. బావ ధైర్యంగా ఉంటారని ఆశిస్తాను.

ఇక్కడ పది రోజులుగా వాన. దోరో నది నిండుగా పారుతోంది. పని బాగా ఎక్కువైంది. అమిలాయిడ్ చూడటానికి ఏ రంగు మేలో తేల్చమని డాక్టరు గారు చలికాలంలోనే ముప్ఫై పాత ముక్కలు నాకు అప్పగించారు. ప్రతి ముక్కకీ మూడు రంగులు పట్టించాలి. కాంగో రెడ్ ఒకటి. రెండోది క్రిస్టల్ వయొలెట్, అది చుట్టూ నీలంగా ఉండి జబ్బున్నచోట ఎరుపు తిరుగుతుంది. మూడోది థయోఫ్లేవిన్, ప్రత్యేకమైన దీపం కింద పసుప్పచ్చగా వెలుగుతుంది. దాన్ని పెద్దగా నమ్మకూడదు, ఎవర్ని చూసినా నవ్వే పిల్ల లాంటిది. పట్టికలు నింపుతూ ఉన్నాను.

పిల్లల్ని అడిగానని చెప్పు.

దియోలిందా

పోవువా
2 జూలై

దియోలిందా,

వాన గురించి రాశావు. సంతోషం. ఇక్కడ ఎండ కాస్తోంది.

నేను అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి. అంత చదువుకున్నదానివి, ఇంకోసారి చూశాననో, చూడననో ఒక్క ముక్క రాయలేకపోయావా? కుష్ఠువాడి పెళ్ళానికి ఉత్తరం రాయడానికి నువ్వు కూడా జంకుతున్నావా?

బావని చూసి వచ్చాను. మధ్యలో నడుమెత్తు గోడ. అటు ఆయన, ఇటు నేను. తెచ్చిన మొక్కజొన్న రొట్టె గోడ మీద పెట్టమన్నారు. నేను నాలుగడుగులు వెనక్కి వచ్చాక ఆయన తీసుకున్నాడు. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి, "నిజంగానే నాకు ఆ రోగమేనంటావా, ఎతెల్వీనా? నిన్ను ముట్టుకున్న చేతులే కదా ఇవి" అని ఏడ్చాడు. నేనేం చెప్పాలో నువ్వు చెప్పు. తెలివైనదానివి.

ఎతెల్వీనా

పోర్తో
30 జూలై

అక్కా,

ఇది నాలుగో కాగితం. ముందు మూడూ చింపేశాను.

బావకి కుష్ఠు లేదు. ఉన్నది చిట్టిపాదాల జబ్బే. జనవరిలో లేదని వచ్చిన మాట తప్పు. ఆ తప్పు నాది.

ఎర్ర ద్రాక్షసారా గ్లాసులో ఎర్రగా ఉంటుంది. అదే బల్ల మీద ఒలికి పలచగా పరుచుకుంటే రంగు ఆనదు. కాంగో రెడ్ కూడా అంతే. కోత ఎనిమిదో పదో మైక్రాన్ల మందం ఉంటేనే ఆ ఆకుపచ్చ కంటికి అందుతుంది. బావ నరంలో ఆ పదార్థం కొంచెమే ఉంది. నేను దాన్ని నాలుగుకి కోసి, ఉన్న కొంచెం మెరుపునీ చంపేశాను. ఈ రంగుకి మందంగా కొయ్యాలని మా పాత పుస్తకంలో ఒక మూల రాసే ఉంది. మందంగా కోసేది చేతకానివాళ్ళని నవ్వేదాన్ని నేను. ప్రతిసారీ జబ్బున్నదని తెలిసిన ముక్క ఒకటి పక్కన పెట్టి సరిచూసుకుంటాం. నేను పెట్టింది చనిపోయిన ఒకావిడ మూత్రపిండం. దాన్నిండా ఆ పదార్థమే, ఎంత పలచగా కోసినా మెరుస్తుంది. అది మెరిసింది కాబట్టి నా పనికి వంక లేదనుకున్నాను.

ఇంతవరకూ తెలియక చేసింది. ఇక మిగిలింది తెలిసి చేసింది.

ఆ ముప్ఫై ముక్కల్లో బావది కూడా ఉంది. మార్చిలో క్రిస్టల్ వయొలెట్ పట్టిస్తే పదిహేడో నంబరులో నీలం మధ్యన ఎర్రటి మరక కనపడింది. రంగు సరిగ్గా కడగలేదులే అనుకున్నాను. థయోఫ్లేవిన్ పట్టిస్తే వెలిగింది. అదెప్పుడూ అంతేలే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అక్కా. ఆ రెండు స్లైడులూ నా సొరుగులో రుమాళ్ళ కింద పెట్టి, పట్టికలో "లేదు, లేదు" అని రాశాను. "ఇది మా దియోలిందా చెయ్యి" అన్న మాట పోతుందని.

మేలో నీ ఉత్తరం వచ్చింది. జూన్ నాలుగు, ఆదివారం, పూజ నుంచి నేరుగా ప్రయోగశాలకి పోయాను. ఎవరూ లేరు. బావ ముక్కని పది మైక్రాన్లకి కోసి కాంగో రెడ్ పట్టించాను. అద్దాలు తిప్పగానే నరం పొడుగునా లేత యాపిల్ కాయ రంగు. ఎవరైనా వస్తున్నారేమోనని నేను మొదట తలుపు వైపు చూశాను. అదీ నా బుద్ధి.

వాన గురించి రాసింది ఆ తర్వాత వారానికి. అంటే అప్పటికే నాకు తెలుసు. గోడకి అటు బావ, ఇటు నువ్వు నిలబడిన రోజున కూడా తెలుసు. ఈ చేతుల్ని చూసుకుంటే నాకు అసహ్యంగా ఉంది.

డాక్టరు గారికి ఇంకా చెప్పలేదు. ఈ నిజం బావని విడిపిస్తుంది. కానీ ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగే జబ్బు. ఇల్దా పెళ్ళి, తొమే బతుకు, అన్నిటి మీదా పడుతుంది. నువ్వు చెప్పమంటే చెబుతాను. వద్దంటే నోరు విప్పను. ఏం చెయ్యమంటావు?

దియోలిందా

పోవువా
12 ఆగస్టు

దియోలిందా,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. మళ్ళీ నేనే బయటికి లాగాను. వేళ్ళు కాలాయి. నాకైతే నొప్పి తెలిసింది.

నువ్వు చెప్పమంటే చెబుతాను, వద్దంటే చెప్పను అంటావా? ఎంత తెలివి! నీ బుట్ట తెచ్చి నా నెత్తిన పెడుతున్నావు. నా బుట్టే నాకు బరువుగా ఉంది. ఆడదానివైతే వెళ్ళి చెప్పు. ఈ వారమే చెప్పు.

ఇంత తిట్టాక నా సంగతి కూడా రాయాలి. రాయకపోతే ఈ తిట్లన్నీ నాకే తగులుతాయి.

మా అత్తగారు రేవుమెట్ల మీద జారిపడలేదు. నేను కాపురానికి వచ్చేసరికే కోడిపుంజులా మోకాళ్ళెత్తి నడిచేది. సలసల కాగే పులుసు పాదం మీద పడితే నవ్వుతూ తుడుచుకుంది. ఆమె అన్న కూడా అట్లాగే పోయాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని నా నోరు మూయించేది. బావ కాళ్ళు నాలుగేళ్ళ కిందటే మొద్దుబారాయి. వీధిలో ఎవరైనా వస్తుంటే ఆయన కాళ్ళకి అడ్డంగా నిలబడి పావడా సర్దుకునేదాన్ని. డాక్టరు ముందు, "మీవాళ్ళలో ఎవరికైనా?" అంటే మేమిద్దరం ఒక్కసారే తల అడ్డంగా ఊపాం. ఇల్దా సంబంధం కోసం. ఆ పెళ్ళీ ఇప్పుడు వాయిదా పడింది. నిజం చెప్పి ఉంటే నీ స్లైడు ఏం చెప్పినా ఆ డాక్టరు ఇంకోసారి చూసి ఉండేవాడు. కాదూ?

మన ఊళ్ళో ఇంటి గుర్తు చిన్నకొడుక్కే పోతుంది. జబ్బు మాత్రం వాటాలు చూడదు. పిల్లలకి తెలియాలి. వెళ్ళి చెప్పు.

ఎతెల్వీనా

పోర్తో
27 ఆగస్టు

అక్కా,

చెప్పాను.

మంగళవారం అందరూ కూడి స్లైడులు చూసే సమావేశం. పదకొండు మంది డాక్టర్లు. మూడు రంగుల పట్టిక చదవమన్నారు. పదిహేడు దగ్గర ఆగి, సొరుగులోవి తీసి బల్ల మీద పెట్టాను. ఏ రోజు కోసిందీ, ఏ రోజు దాచిందీ చెప్పాను. ఒకాయన, "నాలుగు మైక్రాన్లా? కాంగో రెడ్‌కా?" అని నవ్వాడు. సరైవా గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తిడతారని ఎదురుచూశాను. "మందం ఎంతని నేను అడగాల్సింది. కోత అందంగా ఉందని చూస్తూ కూర్చున్నాను" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. బయటికి వస్తుంటే మెల్లిగా, "కానీ జూన్ నుంచి ఆగస్టు దాకా నీది, దియోలిందా. అందులో నాకు వాటా లేదు" అన్నారు.

కుష్ఠు ఆసుపత్రికి ఆ రోజే టెలిఫోన్ చేశారు. మీ అత్తగారి సంగతి కూడా చెప్పాను, నువ్వు రాశావు కాబట్టి.

ఇక గడిచిన నాలుగేళ్ళలో "లేదు" అని నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి ముక్కా మళ్ళీ కోయాలి. యాభై ఎనిమిది. మందంగా. మూడు రంగుల్లో ఏది మేలో తేల్చమన్నారు కదా, తేలింది. కాంగో రెడ్డే మేలు. రంగులో ఏ తప్పూ లేదు.

దియోలిందా

పోవువా
8 అక్టోబరు

దియోలిందా,

బావ ఇంటికొచ్చాడు. బండి దిగగానే ఇంటి గోడలన్నీ తడుముకున్నాడు. ఆయన అన్నలు వలలు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఏం మాట్లాడాలో తెలియక మబ్బుల గురించి మాట్లాడి పోయారు. నువ్వు వాన గురించి రాసినట్టే. తొమే ఆయన పక్కనే పడుకుంటున్నాడు.

ఆయనకి అంతా చెప్పాను. "మీ చెల్లెల్ని సెలవులకి రమ్మను. చేపలు కడుగుతుంది. కత్తి మాత్రం ఇవ్వకు, సార్డీను కనపడకుండా కోసేస్తుంది" అన్నాడు. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నిన్ను క్షమించానా అంటే, ఇంకా తెలియదు. అడగకు.

జుస్తీనా వచ్చింది. నిలబడే మాట్లాడింది. "కుష్ఠయితే ఈ రోజుల్లో మందుంది, నయమవుతుంది, కొన్నాళ్ళు ఆగుదామనుకున్నాను. ఇది వంశం. వంశానికి మందేముంది? నా మనవల కాళ్ళు నాకు కావాలి" అంది. "వదినా, కూర్చో" అన్నాను. "ఇక ఆ పిలుపు వద్దు, ఎతెల్వీనా" అని వెళ్ళిపోయింది. పెళ్ళినాడు చర్చిలో బల్ల మీద ఇంటి గుర్తు చెక్కుతారని అబీలియో కొత్త కత్తి కొనుక్కున్నాడు. ఆ కత్తి ఇల్దాకి ఇచ్చి ఏడ్చుకుంటూ పోయాడు. ఇల్దా ఏడవలేదు. "నాన్న ఇంట్లో ఉన్నాడుగా" అంది. ఆ మాటకి నేను ఏడ్చాను.

ఎతెల్వీనా

పోర్తో
19 నవంబరు

అక్కా,

యాభై ఎనిమిదీ కోశాను. తొమ్మిది మెరిశాయి.

తొమ్మిది ఇళ్ళకి డాక్టరు గారు ఉత్తరాలు రాశారు. ఆరుగురు వచ్చారు. వాళ్ళలో ఒకాయనకి లేని జబ్బుకి వెన్నెముక కోశారు. ఆయన నా ముందు నుంచే కర్ర పట్టుకుని నడిచి వెళ్ళాడు. ఆయన నరాన్ని అంత పలచగా కోసింది నేనేనని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు, "దేవుడు మేలు చేస్తాడమ్మా" అన్నాడు.

రాని ముగ్గురూ మన ఊరివాళ్ళే. రెండేసి ఉత్తరాలకి జవాబు లేదు. తెలిసిన మనిషి ఎవరైనా తలుపు తడితే తప్ప రారని డాక్టరు గారు అన్నారు. నీ పేరు చెప్పాను, అలాగే చెయ్యమన్నారు. కవర్లు మూడూ ఇందులో ఉన్నాయి. తప్పుడు మందులు మింగుతూ ఉంటారు, ఎవరో ఒకరు వెళ్ళాలి. నిజానికి నేను రావాలి. సిగ్గుతో కాలాడటం లేదు.

మూడో కవరు మీది పేరు చూడు. నీకు ఇష్టం లేకపోతే దాన్ని తిప్పి పంపు. ఒక్క మాట అనను.

దియోలిందా

పోవువా
10 డిసెంబరు

దియోలిందా,

మొదటి రెండు ఇళ్ళకీ పోయిన వారమే వెళ్ళాను. ఒక ఇంట్లో కుక్కని వదిలారు. రెండోరోజు మళ్ళీ వెళ్తే సూప్ పోశారు. రెండో ఇంటావిడ తలుపు సందులోంచి, "నీకెందుకమ్మా మా గొడవ" అంది. "మా ఇంటి గొడవ ఊరంతా చూసింది. ఇక నా దగ్గర దాచడానికేముంది, నీ దగ్గర దాచుకోవడానికి మాత్రం ఏముంది" అన్నాను. ఇద్దరూ జనవరిలో వస్తారు. మందంగా కొయ్యి.

మూడో కవరు నాలుగు రోజులు మేరీమాత బొమ్మ వెనక ఉంచాను. జుస్తీనా మొగుడు ఔరేలియో పేరు. రెండేళ్ళ కిందట ఆయన మోకాలి నొప్పికని చెప్పి పోర్తోకి వెళ్ళొచ్చింది దీనికన్నమాట. వాళ్ళకీ "లేదు" అన్న కాగితం ఇచ్చారు. ఆ కాగితం ఇంట్లో పెట్టుకునే నా కాగితం చూసింది.

నేను మంచిదాన్నని రాసుకోను. దారి పొడుగునా మాట నూరుకుంటూ పోయాను. "వంశానికి మందేముందన్నావు, ఇప్పుడు నువ్వు ఏ మందు తెచ్చుకుంటావు?" అని. గొంతు ఎంత పెంచాలో, ఎక్కడ ఆపాలో కూడా అనుకున్నాను. పక్కింటివాళ్ళకి వినపడాలని.

గుమ్మం కింద మెట్టు మీద ఒక చెక్కచెప్పు బోర్లా పడి ఉంది. ఒకటే. మగమనిషిది.

జుస్తీనా తలుపు సగం తీసింది. నన్ను చూసింది. నేను చూస్తున్నదాన్ని చూసింది. గబుక్కున మెట్టు దిగి, పావడా ఆ చెప్పు మీదికి లాక్కుని నిలబడింది. సరిగ్గా నేను నాలుగేళ్ళు నిలబడినట్టే. మెడ నిటారుగా పెట్టుకుని, "ఏం కావాలి?" అంది.

నూరుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు, దియోలిందా. సిగ్గేసింది. ఆమెని చూసి కాదు.

వంగి, ఆమె పావడా పక్కకి తీసి, చెప్పు చేతికి తీసుకున్నాను. ఇసక దులిపాను. "లోపల పెట్టు, వదినా. మీ ఆయన నిద్ర లేస్తే వెతుక్కుంటాడు" అన్నాను.

ఆ పిలుపు వద్దని ఈసారి అనలేదు. చెప్పుని గుండెకి ఆనించుకుని, వెనక్కి జరిగి, తలుపు పూర్తిగా తీసింది.

క్రిస్మస్‌కి నువ్వు రా. బావ అడుగుతున్నాడు. నేను కూడా.

మీ అక్క
ఎతెల్వీనా